మెంగ్ సుందొక్ పైకే ఆలోచిస్తుంది

మెంగ్ సుందొక్‌కి మనసులో అనుకోవడం రాదు. ఏ ఆలోచన వచ్చినా బుర్రలోంచి సరాసరి నోటికొచ్చేస్తుంది, మధ్యలో ఎక్కడా ఆగదు. కొరియాలో మొక్పో రేవు చేపల బజారులో ఆక్టోపస్‌లు అమ్మే ఈవిణ్ణి ఎరగనివాళ్ళు లేరు. ఆవిడ రోడ్డు దాటుతుంటే చూడాలి. "లారీ వస్తుంది, నేను ఆగను. వాడు హారన్ కొడతాడు, నేను తిడతాను. వాడు బిత్తరపోయి బ్రేకు వేస్తాడు, నేను దాటేస్తాను" అని పైకే అనుకుంటూ దిగిపోతుంది. అచ్చం అలాగే జరుగుతుంది. పళ్ళ డాక్టరు దగ్గర కుర్చీలో కూచుని "ఈయన సూది తీస్తాడు, నేను నోరు మూసేస్తాను, ఈయన బతిమాలతాడు, నేను వేలు కొరుకుతాను" అని గొణిగితే, ఆ డాక్టరు సూది మళ్ళీ డబ్బాలో పెట్టేశాడట.

అలాంటి మనిషి యాభై ఏడో ఏట బాదుక్ అనే రాళ్ళాట నేర్చుకుంటానని బయల్దేరింది.

ఎండుచేపల కొట్టు పైన, రెండో అంతస్తులో కూ బొన్సొక్ నడిపే ఆటగది ఉంది. పది గళ్ళబల్లలు, ఇరవై కుర్చీలు, ఎప్పుడూ మరుగుతుండే ఒక కెటిల్. నల్లరాళ్ళవాడూ తెల్లరాళ్ళవాడూ ఒకరినొకరు చుట్టుముట్టి మింగేసుకునే ఆ ఆటకి కావలసింది నిశ్శబ్దం. ఒకరోజు అక్కడివాళ్ళ విందుకి ఆక్టోపస్‌ల బుట్ట తెచ్చిన సుందొక్, ఓ బల్ల పక్కన నిలబడిపోయింది. ఆడుతున్న మందులషాపు యాంగ్ తలెత్తి నవ్వాడు.

"ఏంటక్కా అలా చూస్తున్నావ్? దీనికి తలకాయ కావాలి."

"రోజుకి అరవై ఆక్టోపస్ తలకాయలు చూస్తానయ్యా. నీదానికంటే చిన్నదింకా తగల్లేదు."

మర్నాడు మధ్యాహ్నం, బజారు కట్టేశాక, రబ్బరు బూట్లతోనే మెట్లెక్కి వచ్చి కూర్చుంది.

ఇక చూడండి. ఆవిడకి కొట్లాట తప్ప ఇంకోటి తెలీదు. ఎదుటివాడి రెండు రాళ్ళ మధ్య సందు కనబడితే చాలు, టక్కున దూరేసేది. దూరి ఊరుకుంటే బావుండును. "ఇక్కడ నేను తెంపుతాను, నువ్వు చూసుకోకుండా అటు పరిగెడతావు, అప్పుడు నేను వెనకనించి వచ్చి మూడు రాళ్ళూ మింగుతాను" అని పైకే చదివేది.

"మంచిమాట చెప్పావక్కా" అని ఎదుటివాడు సరిగ్గా అక్కడే రాయి పెట్టేవాడు.

"ఓరి నీ! ఎలా కనిపెట్టావు?"

కూ తల బాదుకునేవాడు. "అక్కా, నోరు మూసుకుని ఆలోచించు."

"నోరు మూస్తే బుర్ర కూడా మూసుకుపోతోంది తమ్ముడూ. రెండిటికీ ఒకటే తలుపు."

వారం తిరిగేసరికి ఆవిడతో ఆడేవాళ్ళు లేకుండా పోయారు. అప్పుడు కిటికీ పక్క బల్ల దగ్గరనించి తక్ కెప్టెన్ పిలిచాడు. దీవులకి తిరిగే ఓడని నలభై ఏళ్ళు నడిపి దిగినవాడు; ఆ గదిలో అందరికంటే గట్టి ఆటగాడు, అందరికంటే గట్టి పొగరు.

"ఇలా రా అమ్మాయ్. నీకు సాయంగా తొమ్మిది రాళ్ళు ముందే పెట్టుకో. నీ వాగుడు నన్నేం చెయ్యదు, ఇంజనుగది పక్కనే బతికినవాణ్ణి."

ఆయన చేతిలో వరసగా నూటనాలుగు ఆటలు ఓడిపోయింది. ప్రతి ఆట తరవాతా పరీక్ష పెట్టేవాడు.

"కొట్లాటకి ముందు ఏం చూడాలి?"

"ఊపిరి. నా గుంపు చుట్టూ ఎన్ని ఖాళీలున్నాయో, మీ గుంపు చుట్టూ ఎన్ని ఉన్నాయో."

"ఇందాక ఎన్ని ఉన్నాయి?"

"నాకు నాలుగు, మీకు అయిదు."

"మరి చచ్చేదెవరు?"

"నేనే."

"తెలిసీ ఎందుకు దిగావు?"

"మీ మొహం చూస్తే ఒళ్ళు మండింది."

కెప్టెన్ కడుపు పట్టుకుని నవ్వాడు. కానీ నూటఅయిదో ఆట నించీ సుందొక్ లెక్కపెట్టకుండా కొట్లాటకి దిగలేదు. చావుబతుకుల లెక్కల పుస్తకం ఒకటి కొంది. చిక్కుల్లో పడ్డ రాళ్ళగుంపు బతుకుతుందా చస్తుందా అని తేల్చే లెక్కలు, మూడువందలు. పేజీలు చింపి, తడవకుండా ప్లాస్టిక్ సంచుల్లో పెట్టి, ఆక్టోపస్ తొట్టి మీద వేలాడగట్టింది. బేరానికొచ్చినవాళ్ళు "అక్కా, నాలుగివ్వు" అంటే "ఉండవయ్యా, ఈ మూల చస్తోంది, ఒక్క నిమిషం" అనేది. పుస్తకం అయిపోతే మళ్ళీ మొదటినించి. అలా ఆరుసార్లు. ఆరోసారికి జవాబులు చూడ్డం మానేసింది. చేతులు ఐసుముక్కల్లో వుండేవి, కళ్ళు పైన పేజీ మీద, నోరు మామూలే.

రెండేళ్ళు తిరిగాయి. ఒకరోజు యాంగ్ కూ దగ్గరికొచ్చి బల్ల గుద్దాడు.

"నావల్ల కాదు. ఆవిడ ఆ మూల కెప్టెన్‌తో ఆడుతూ గొణుగుతుంటే ఇక్కడ నా చెయ్యి ఆవిడ చెప్పినచోట రాయి పెట్టేసింది. పద్నాలుగు రాళ్ళు పోయాయి! ఆవిడో నేనో తేల్చు."

కూకి కూడా విసుగొచ్చి ఉంది. పెద్ద అక్షరాలతో కాగితం రాసి గోడకి అంటించాడు: ఆట మధ్యలో నోరు విప్పినవాళ్ళు మెట్లు దిగవలెను.

సుందొక్ అది చదివింది, పైకే. తరవాత కూ పక్కకొచ్చి నిలబడింది.

"తమ్ముడూ, కెప్టెన్ గారి బల్ల దగ్గర ఒక్కచోట వదిలెయ్."

"కుదరదక్కా. రూలంటే అందరికీ రూలే."

"నేను నీకు సంగతి చెబుతాను, నువ్వు అయ్యో అంటావు, తరవాత నువ్వు..." అని మొదలెట్టి చటుక్కున పెదాలు బిగించేసింది. ఆవిడ ఒక వాక్యం సగంలో ఆపడం కూ చూడ్డం అదే మొదటిసారి.

ఆ ఆదివారం యాంగ్ ఆవిణ్ణి ఆటకి పిలిచాడు. "ఇప్పుడు నోరు లేకుండా ఆడి చూపించు" అన్నాడు, మీసం కింద నవ్వుకుంటూ. సుందొక్ కూర్చుంది. మాట లేదు. బల్ల మధ్యలో టక్కున తెంపింది. యాంగ్ ఎదురు తెంపాడు. రెండు గుంపులూ పక్కపక్కనే పరిగెత్తాయి, ఏది ముందు ఊపిరాడక చస్తుందో తెలీకుండా. గదిలో వాళ్ళంతా కుర్చీలు వదిలి చుట్టూ చేరారు. సుందొక్ పెదాలు కూడా కదల్లేదు. చివరికి ఆవిడ గుంపుకి ఒక్క ఖాళీ మిగిలివుండగా, యాంగ్ రాళ్ళు పన్నెండూ ఊపిరాగిపోయాయి. ఆవిడ వాటిని ఒక్కొక్కటే ఏరుకుంది, బుట్టలోంచి ఆక్టోపస్‌లు తీసినట్టు.

యాంగ్ మొహంలో రక్తం లేదు. "ఇది ఎప్పుడు చూశావు?"

"నువ్వు ఎదురు తెంపినప్పుడే. పందొమ్మిది ఎత్తుల కిందట."

కూ నోరు తెరిచాడు. "అయితే నీకు మనసులో చదవడం వచ్చన్నమాట!"

"వచ్చి ఏడాదయింది."

"మరి ఇన్నాళ్ళూ మా చెవులెందుకు తినేశావు?"

ఆవిడ బూట్లు తొడుక్కుని వెళ్ళిపోయింది.

మర్నాడు కెప్టెన్ బల్ల దగ్గర ఆట మొదలైంది. చప్పుడు లేదు. కెప్టెన్ కాసేపు ఆగి, చెవి ముందుకి వంచాడు.

"ఏం అమ్మాయ్, జలుబా?"

"రూలు పెట్టారండి."

"మంచిపని చేశారు. ప్రాణం హాయిగా ఉంది."

హాయిగా ఉందన్న ఆయనే, రాయి చేతిలో పట్టుకుని చాలాసేపు గాల్లోనే ఉంచాడు. తరవాత నింపాదిగా దించాడు. రాయి మీద రాయి పడి జారిన చప్పుడు, కెటిల్‌లో నీళ్ళు పోస్తున్న కూకి స్పష్టంగా వినిపించింది. కెప్టెన్ తన తెల్లరాయిని సుందొక్ నల్లరాయి నెత్తిన పెట్టాడు.

"అయ్యో, నా చొక్కా చెయ్యి తగిలి రాయి జరిగిపోయిందండీ!" అంది సుందొక్ గట్టిగా. ఆవిడ చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచి ఉన్నాయి.

కెటిల్ నిండి నీళ్ళు పొర్లిపోతున్నా కూ కదల్లేదు. ఇప్పుడు గుర్తొస్తోంది. వేరేవాళ్ళతో ఆడేటప్పుడు ఆవిడ "ఇక్కడ, అక్కడ" అని గొణిగేది. కెప్టెన్‌తో మాత్రం "కుడిచేతి కింది మూల, అంచునించి మూడో గీత, నిలువున అయిదోది" అని గొణిగేది. ఆయన పెట్టిన రాయి కూడా మళ్ళీ చెప్పేది.

మెట్ల మీద ఆవిణ్ణి పట్టుకున్నాడు. "ఎప్పటినించి అక్కా?"

"పోయిన చలికాలం నా తొట్టి దగ్గరికొచ్చి, ఆక్టోపస్‌కి ఎనిమిది కాళ్ళూ ఉన్నాయా అని వేళ్ళతో తడిమి లెక్కపెట్టాడు. ఆయన పట్టుకున్నది నా చెయ్యి. అయిదే ఉన్నాయని బేరం తగ్గించమన్నాడు." ఆవిడ నవ్వబోయి ఆగింది. "చూపు పోయింది, ఇంక రాదన్నార్ట డాక్టర్లు. బయటపడితే ఆయన ఈ మెట్లు మళ్ళీ ఎక్కడు తమ్ముడూ. ఆ పొగరు నీకు తెలుసుగా. నాకెలాగూ వాగుడుకాయ పేరుంది, ఎవరికీ అనుమానం రాదు."

"అయ్యో" అన్నాడు కూ.

"నువ్వు అయ్యో అంటావని ముందే చెప్పాను. తరవాత నువ్వు వెళ్ళి ఆ కాగితం చింపేస్తావు."

చింపేశాడు. యాంగ్ రంకెలేస్తూ వస్తే పక్కకి లాక్కెళ్ళి చెవిలో చెప్పాడు. "కిందటి నెల ఆయన్ని మొదటిసారి ఓడించానని షాపంతా మిఠాయి పంచాను" అన్నాడు యాంగ్.

సుందొక్ గొణుగుడు మళ్ళీ మొదలైంది. ఆట కూడా పదును తేలింది; ముందే పెట్టుకునే సాయం తొమ్మిది రాళ్ళ నించి నాలుగు రాళ్ళకి దిగింది. కెప్టెన్ రోజూ తిడుతూనే ఉన్నాడు, రోజూ వస్తూనే ఉన్నాడు.

శరదృతువులో సుందొక్ చెల్లెలి ఇంట్లో పెళ్ళని నాలుగు రోజులు పోహాంగ్ వెళ్ళింది. మొదటిరోజు కెప్టెన్ ఎదురుగా ఎవరూ లేరు. కూ కెటిల్ దించి వచ్చి కూర్చున్నాడు. గొంతు సవరించుకుని, చెవులు ఎర్రబడుతుండగా, "ఎడమచేతి పైమూల... అంచునించి నాలుగు... నేను పెడతాను, మీరు అడ్డుకుంటారు" అన్నాడు. రెండోరోజు యాంగ్ వచ్చి కూర్చున్నాడు. ముప్ఫై ఏళ్ళుగా నిశ్శబ్దంగా ఆడిన మనిషి, దొంగతనానికొచ్చినవాడిలా గొణగడం మొదలెట్టాడు.

"అంచునించి రెండో గీత... నిలువున ఆరోది..."

కెప్టెన్ రాయి పెట్టకుండా వెనక్కి వాలి కూర్చున్నాడు. "నిన్న కూ. ఇవాళ నువ్వు. ఇదేదో అంటురోగంలా ఉందే. నీ షాపులో దీనికి మందుందా?"

యాంగ్ తల గోక్కున్నాడు. "లేదండీ, కెప్టెన్ గారూ."

కెప్టెన్ బల్ల అంచు వేళ్ళతో తడుముకున్నాడు. మీసం కొస కొద్దిగా కదిలింది.

"సరే, పట్టుకున్నాక ఏం చేస్తాం. గొణిగేదేదో కాస్త గట్టిగా గొణుగు. ఆ ఆక్టోపస్ అమ్మాయి అయితే ఆరోదో ఏడోదో తెలిసేట్టు గొణుగుతుంది."