గుట్టల్లో ఏరు

"అల్ట్రా మారథాన్ మీకేం నేర్పింది?" అని సోమవారం మీటింగులో మా మేనేజరు అడిగాడు. రోజంతా గుట్టల్లో పరిగెత్తి, మోకాళ్లు వంగక నేను నిలబడే ఉంటే, ఆయనకి జీవితసత్యం కావాలి. స్లైడులో పెట్టుకుంటాడట.

నేర్చుకున్నది ఒకే ఒక్క మాట. చెంగల్పట్టు దాటాక ఆ రాళ్ల దారిలో నా బాటిల్ ఖాళీ అయింది. దారి చూపడానికి నిలబెట్టిన ఊరావిడకి బాటిల్ చూపించి, "తణ్ణి?" అన్నాను. ఇన్నేళ్ల చెన్నై ఉద్యోగంలో నేను సంపాదించిన తమిళం అంతే. ఆవిడ చెయ్యి ఊపి, "ఏరుమ్మా, ఏరు" అంది.

ప్రాణం లేచొచ్చింది. ఏరు పల్లంలో కాక ఇంకెక్కడుంటుంది? ముళ్లకంపలు గీరుకుపోతున్నా లోయలోకి దిగాను. వెనకనుంచి ఆవిడ "ఏరు, ఏరు" అని అరుస్తూనే ఉంది. పాపం, ఎంత మంచి మనిషో అనుకున్నాను.

కింద చుక్క నీళ్లు లేవు. పరుగుకే వచ్చిన ఒక పెద్దమనిషి మాత్రం ఖాళీ బాటిల్‌తో బండ మీద కూలబడి ఉన్నాడు. నన్ను చూడగానే, "ఏరెక్కడండీ?" అన్నాడు, అచ్చమైన గుంటూరు యాసలో.

తమిళంలో ఏరు అంటే ఎక్కు. నీళ్ల డ్రమ్ము గుట్ట పైనుంది.

నేను లోయలోకి దిగానని చెప్పగానే, మీటింగులో తమిళవాళ్లందరూ పడీపడీ నవ్వారు. మా మేనేజరు నవ్వలేదు. ఆయనది బెజవాడ. ఈ ఊళ్లోనే ఇల్లు కట్టి, పిల్లల పెళ్లిళ్లు కూడా చేశాడు.

"ఇంతకీ ఏరు దొరికిందా?" అన్నాడు.