జైనూర్ దుబాయ్

ఇప్పటిదాకా ఎవరికీ చెప్పని విషయం ఒకటుంది. శనివారం సాయంత్రం జైనూర్ నుంచి ఖానాపూర్ వచ్చే దారిలో, నా నాలుగేళ్ల కూతురితో ఏం మాట్లాడాలో బస్సులోనే అనుకుని పెట్టుకుంటాను. మొదటి మాట, దానికి అది చెప్పబోయే జవాబు, ఆ తర్వాత నేను అడగాల్సింది. ఎవరితోనైనా మాట్లాడాలంటే చిన్నప్పటి నుంచీ నాకు ఇదే పద్ధతి. కూతురితో మాట్లాడటానికి కూడా అవసరం పడుతుందని అనుకోలేదు.

జైనూర్‌లో ఆడపిల్లల హాస్టల్ బడిలో లెక్కలు చెప్తాను. రాత్రి డ్యూటీలు ఉంటాయని వారమంతా అక్కడే ఒక గదిలో ఉంటాను. ఎవరి పిల్లలో అన్నం తిన్నారా, జడలు వేసుకున్నారా అని చూడటం ఉద్యోగంలో భాగం. నా పిల్ల తిన్నదా లేదా అని ఫోన్‌లో అడుగుతాను. అది ఖానాపూర్‌లో మా అత్తమ్మ దగ్గర పెరుగుతోంది. దాని బాపు, అంటే మా ఆయన, మస్కట్‌లో ఉంటాడు. మా దిక్కు గల్ఫ్‌లో ఏ ఊరైనా దుబాయే. రోజూ సాయంత్రం ముందు బాపుకు, తర్వాత నాకు వీడియో కాల్. ఇద్దరికీ అన్నం పళ్లెం చూపిస్తుంది. ఇద్దరికీ ఒకే రకంగా చెయ్యి ఊపి, తనే కాల్ కట్ చేస్తుంది.

గల్ఫ్ నుంచి మనిషి వస్తే, తాడుతో కట్టిన అట్టపెట్టెను వాకిట్లో అందరి ముందే విప్పుతారు. సబ్బులు, సెంటు సీసాలు వాడకట్టు వాళ్లకు పంచుతారు. పిలవకపోయినా వచ్చి కూర్చోవడంలో తప్పులేదు.

పోయిన వానాకాలంలో ఒక శనివారం, నేను కాళ్లు కడుక్కుని వచ్చేసరికి నా బ్యాగు వాకిట్లో ఉంది. పక్కింటామె, ఆమె మనవరాళ్లు దాని చుట్టూ కూర్చున్నారు. నా కూతురు జిప్పు తీసి పంచుతోంది. ఒక పిల్లకు నా దువ్వెన, ఇంకో పిల్లకు సగం అరిగిన సబ్బు. పక్కింటామెకు నేను చదువుతున్న నవల.

"ఏందే, మీ అమ్మ గూడ దుబాయ్ నుంచే వచ్చిందా?" అంది ఆమె, నవలను తలకిందులుగా పట్టుకుని.

"బాపుది పెద్ద దుబాయ్. అమ్మది జైనూర్ దుబాయ్."

"అట్లనా! మరి నాకు సెంటు సీస ఏదే?"

"మళ్ళొచ్చినప్పుడు తెస్తది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. సబ్బు తిరిగి అడగడం బాగుండదని ఊరుకున్నాను.

పడుకునే ముందు పిల్ల, "నీకు ఎన్ని రోజులు సెలవు ఇచ్చిండ్రు?" అని అడిగింది. రేపొక్కటే అన్నాను. "గంతేనా" అని అటు తిరిగి, నానమ్మ మీద కాలేసి నిద్రపోయింది. ఏడవలేదు. సోమవారం తెల్లారి నేను బస్సెక్కేటప్పుడూ ఏడవదు. పక్కింటి కోడలు కిరాణా కొట్టుకు పోతే చాలు, ఆమె పిల్లలు వాడంతా వినేలా ఏడుస్తారు. ఆమెను చూస్తే నాకు కొంచెం అసూయ.

బడి ఎదురుగా ఒక ఇల్లు అద్దెకు మాట్లాడాను. దగ్గర్లోనే అంగన్‌వాడీ ఉంది. కానీ రాత్రి డ్యూటీ రోజుల్లో పిల్లను చూసే మనిషి కావాలి. చాలా శనివారాలు వాయిదా వేసి, చివరికి "మీరు కూడా రండి అత్తమ్మా" అన్నాను.

"నేనొస్తె బర్రెను ఎవరు పిండుతరు? గా అడివిల నాకెవరు తెలుసు?" అని ఆమె చీపురు తీసుకుని వాకిట్లోకి పోయింది. తర్వాత ఆ మాట మళ్లీ రాలేదు. పిల్లను ఆమె చేతుల్లోంచి లాక్కుపోలేను. ఇంకో ఏడాది ఇట్లాగే ఉంటే, పిల్ల నన్ను చుట్టాల్లో కలిపేస్తుంది.

కొన్ని వారాల తర్వాత ఒక ఆదివారం అత్తమ్మ పొద్దున్నే బర్రెను తన చెల్లెలి ఇంటికి తోలి వచ్చింది. ఎందుకని నేను అడగలేదు. ఆమె పిల్లకు జడ వేస్తుంటే ఎదురుగా కూర్చుని, బస్సులో అనుకున్నట్టే అడిగాను.

"నాతోని జైనూర్ వస్తవా? ఇగ అక్కడనే ఉందాం."

దీనికి నేను అనుకుని పెట్టుకున్న జవాబులు రెండే, వస్తననో రాననో.

"నాకు పాస్‌పోర్టు లేదు గదా," అంది పిల్ల.

నేను అత్తమ్మ వైపు చూశాను. ఆమె జడ అల్లడం ఆపలేదు.

"గట్ల జూస్తవేందే, చెప్పు దానికి. జైనూర్ బస్సుల ఆడోళ్లకు ఆధార్ కార్డు జూపిస్తె జాలు. నాది సంచిల పెట్టిన."