అన్నాచెల్లెళ్లకు ఒకే వీడియో

మా పేట మాంగెరెలోని క్లినిక్‌లో సెయినీ చేసే పని, వచ్చినవాళ్లను అడగడం. ఇంట్లో క్యాన్సర్ ఉన్నవాళ్లు జన్యు పరీక్షకు రక్తం ఇచ్చేముందు దాని సంగతులు ఎలా తెలుసుకుంటారు? వీడియోనా, ఫోనా, ఎదురుగా కూర్చునా? చెప్పేది మాత్రం పెద్దాసుపత్రివాళ్లే. వినడానికి చిన్న పని. ఇరవై ఏళ్లుగా ఆమె పక్క బల్ల నాది కాబట్టి, పైవాళ్లు ఆమెను ఎంత కాల్చుకు తిన్నారో నాకు తెలుసు.

లవీనియా సంగతే చూడండి. తల్లి రొమ్ము క్యాన్సర్‌తో పోయింది. సెయినీని అడగనివ్వకుండానే పెద్దాసుపత్రివాళ్లు ఆమెనూ అన్న ఫినావునూ ఒకే గదిలో కూర్చోబెట్టి వీడియో చూపిస్తామన్నారు. లవీనియా సంతకం పెట్టేసింది. డాక్టరు అడిగితే కాదనడం మా ఇంటా వంటా లేదు. కానీ టోంగా దీవుల నుంచి వలస వచ్చిన మా వాళ్లలో, వయసొచ్చిన అన్నాచెల్లెళ్లు మర్యాద కోసం కలిసి సినిమా కూడా చూడరు. తెరమీద రొమ్ము బొమ్మ పడగానే ఫినావు లేచి వెళ్లిపోయాడు, వెనకే తల వంచుకుని ఆమె. ఫైలు మీద ‘ఆసక్తి లేదు’ అని రాసి మూసేశారు.

సెయినీ పెద్దాసుపత్రికి ఫోన్ చేసి అరిచింది. “ఎలా చెబితే వింటావని ఆ పిల్లని ఒక్కళ్లయినా అడిగారా?”

“ఫారంలో ఆ ప్రశ్న లేదండీ. మళ్లీ కొత్త ఫారం నింపి పంపండి,” అన్నాడు అవతలాయన.

ఆ ఫోన్ లాక్కుని నేలకేసి కొట్టాలనిపించింది నాకు.

ఆదివారం చర్చి వంటింట్లో చేమదుంపల చెక్కు తీస్తూ సెయినీ లవీనియాను అడిగింది. “నీకెలా కావాలే?”

“మీకెలా వీలైతే అలాగే అత్తా.”

“నా వీలెందుకే, పరీక్ష నాకా?”

రెండు దుంపలయ్యాక లవీనియా నోరు విప్పింది. “ఆడమనిషి చెప్పాలి. ఎదురుగా, మన భాషలో. అన్నయ్యకి వేరేగా.”

ఫినావు లారీ నడుపుతాడు, ఫోన్ చాలన్నాడు. ఫోన్లో వినేవాళ్ల వరస చిన్నది. మూడు వారాల్లో విన్నాడు, రక్తమిచ్చాడు. ఎదురుగా, మా భాషలో చెప్పే మనిషి ఊరంతటికీ ఒక్కతే. అందుకే లవీనియా ఆ పొడుగు వరసలోనే ఉంది.

జూన్‌లో ఫినావు క్లినిక్ గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. “నాకుందట అత్తా, ఆ జన్యు దోషం. అమ్మ నుంచి వచ్చిందే. చెల్లికీ ఉండొచ్చన్నారు. దానికి నేనెలా చెప్పను? నువ్వే చెప్పు.” సెయినీ భుజం మీద తల పెట్టి ఏడ్చాడు.

ఆ రిపోర్టు సంగతి చెప్పి లవీనియాను వరసలో ముందుకు జరపమని సెయినీ ఆ రోజే నాలుగుసార్లు ఫోన్ చేసింది. చూస్తామన్నారు. నాలుగుసార్లూ అదే మాట. చివరికి ఆ సాయంత్రమే ఇద్దరం లవీనియా ఇంటికి వెళ్లాం.

ఆమె సెయినీ చెప్పిందంతా విని, “అన్నయ్య ఏడ్చాడా?” అని అడిగింది. సెయినీ తలూపింది.

“మరి నన్నెప్పుడు పిలుస్తారత్తా?”

“నవంబరులో,” అంది సెయినీ. ఇరవై ఏళ్లలో ఆమె ఎవరి ముఖమూ చూడకుండా జవాబు చెప్పడం నేను అదే మొదటిసారి చూశాను.