రేడియేటర్‌కు పూసిన ప్రార్థన నూనె

నోరిచ్చిన దేవునికి స్తోత్రం. ఆ నోటిని నేను ఎట్లా వాడినా ఇన్నేళ్లు ఓర్చుకున్నందుకు మరింత స్తోత్రం. ఆ రోజుల్లో నాకు రెండు విషయాల్లో గట్టి నమ్మకం ఉండేది: బైబిలు పూర్తిగా వచ్చని, ఇంజనీరింగు దాదాపుగా వచ్చని. నాన్న మా మెదక్ చర్చి సంఘంలో పెద్ద. ఆదివారపు బడిలో కంఠత వాక్యాల బహుమతులన్నీ నావే. (వినయం గురించిన వాక్యాలకు కూడా మొదటి బహుమతి నాదే.)

చివరి ఏడాది మా జట్టు కాలేజీల పోటీ కోసం బైకు ఇంజనుతో చిన్న రేసు కారు కట్టింది. ఇంజను నీళ్లను చల్లబరిచే రేడియేటర్ నా వంతు. కారు పక్కన రేకు పెట్టె చేసి అందులో కూర్చోబెట్టాను. గాలి ఎంత దొరికితే అంత చల్లదనం అనుకుని ముందు మూతిని బకెట్టంత వెడల్పుగా తెరిచాను. దొరికిన గాలి పారిపోకూడదని వెనుక భాగాన్ని రేకుతో మూసేశాను. ఊరి బయట కాలేజీ మైదానంలో రెండు చుట్లకే నీళ్లు మరిగి ఆవిరి చిమ్మింది. పోటీకి వారమే ఉంది. లెక్క మళ్లీ చూడమని జట్టువాళ్లు అన్నారు. నేను చూడలేదు. మూడు రోజులు ఉపవాసం ఉండి, జబ్బు చేసినవాళ్లకు రాయడానికి ఇంట్లో ఉంచిన ప్రార్థన నూనెను రేడియేటర్ సందు సందుకూ పూశాను. మర్నాడు మైదానంలోని దుమ్మంతా ఆ నూనెకు అంటుకుంది. ఈసారి ఒక్క చుట్టుకే మరిగింది.

శనివారం దాన్ని పెట్టెతో సహా విప్పి, బస్టాండు వెనుక ట్రాక్టర్ల రేడియేటర్లు బాగుచేసే ఆయన దగ్గరికి మోసుకెళ్లాను. అందరూ ఆయన్ను రేడియేటర్ మామ అనేవారు. నూనె వాసన చూసి, తలకు పెట్టుకునేది దీనికెందుకు పెట్టావని అడిగాడు. చెప్పాను. నవ్వలేదు. బీడీ వెలిగించి ముందు మూతిలోకి పొగ ఊదాడు. పొగ లోపల ఒక తిప్పు తిరిగి ఆయన మొహానికే వచ్చింది.

"గాలి వచ్చెతందుకు ఇంత పెద్ద దర్వాజ పెట్టినవ్. పొయ్యెతందుకు ఏది అల్లుడా? లోపటిది పోకుంటే బయటిది ఎట్లొస్తది?"

ఆయన నూనెంతా సబ్బునీళ్లతో కడిగి, వెనుక రేకుకు కిటికీ కోశాడు. ముందు మూతిని సగానికి తగ్గించి, లోపలికి పోయేకొద్దీ వెడల్పయ్యేలా రేకు వంచాడు. అట్లా అయితే గాలి నెమ్మదించి రేడియేటర్ అంతటా పరుచుకుంటుందట. పక్కల నుంచి జారిపోకుండా స్పాంజి కుక్కాడు. ఆ సాయంత్రం కారు ఇరవై చుట్లు తిరిగినా నీళ్లు మరగలేదు.

మర్నాడు చర్చిలో, దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాల వేళ లేచాను. ఉపవాసం, నూనె, ఇంజను మీదికి దిగివచ్చిన చల్లదనం, అన్నీ వరుసగా చెప్పాను. దుమ్ము, బీడీ, కిటికీ నా మాటల్లోకి రాలేదు. (సమయం తక్కువని నాకు నేను చెప్పుకున్నాను. పదిహేను నిమిషాలు మాట్లాడాను.) సంఘమంతా హల్లెలూయ అంది. అమ్మ కళ్లు తుడుచుకుంది. అప్పుడు చివరి వరుసలో కనిపించాడు, ఇస్త్రీ చొక్కాలో, రేడియేటర్ మామ. రమ్మని పిలిచింది నేనే.

బయట చెప్పుల దగ్గర నా కోసం ఆగాడు. తిడితే బాగుండుననిపించింది.

"మంచిగ చెప్పినవ్ అల్లుడా. గని ఆ ఎనక రేకు అంచు పదునున్నది, నిన్న యాది మర్చిన. జర ఆకురాయి పట్టియ్యి, ఎవలదన్న చెయ్యి తెగుతది."

మళ్లీ ఆయన మా చర్చికి రాలేదు. నేను కూడా ఏళ్ల తరబడి బస్టాండు వెనుక దారి మానేసి చుట్టూ తిరిగి పోయాను. పోయిన వారం ఆ చుట్టు దారి మూసి ఉండి ఇటు రావాల్సి వస్తే నా కారు వేడెక్కి ఆగింది, సరిగ్గా ఆయన దుకాణం ముందే. ఆయనే వచ్చి బానెట్ ఎత్తి, రేడియేటర్ ముందు ఇరుక్కున్న ప్లాస్టిక్ కవరును లాగి పడేశాడు. అంతే పని. వెళ్లబోతూ ఆగి, ఆ రోజు చర్చిలో నీ మాట ఎత్తలేదు మామా అన్నాను.

"ఎరుకే. నేను ఆడనే కూసున్న గద."

ఈ ఆదివారం రమ్మన్నాను. ఏం చెప్తావని అడిగాడు. కిటికీ సంగతి చెప్తానన్నాను. ఆయన చేతులు తుడుచుకుని, వస్తానన్నాడు.

మూతి వెడల్పుగా తెరిచి వెనుకంతా మూసుకున్న ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు సిగ్గుతో పాటు చిన్న నవ్వూ వస్తుంది. చదువుతున్న మీరు ఒక్క నిమిషం నాతో ప్రార్థించండి: ప్రభువా, ఇన్నేళ్లు లోపల మరిగిన మాటకు నువ్వే ఒక కిటికీ కోయి. చివరి వరుసలో కూర్చునే ఆయన ఈసారి నా నోట తన మాట వినేదాకా నన్ను కూర్చోనీయకు. ఆమేన్.