రాగమ్మ మూరెడు రేకు

కార్ఖానాలో ఆమె అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినపడేది కాదు. అందరికీ ఆమె రాగమ్మ. రంగు అద్దాలతో కిటికీలు, దీపాల గొడుగులు చేసే చోటు అది. కోసిన ప్రతి అద్దం ముక్కకీ అంచు చుట్టూ సన్నటి రాగి టేపు అంటించాలి. అలాంటి ముక్కల్ని పక్కపక్కన పేర్చి టంకం పోస్తే అవన్నీ ఒకటవుతాయి. ఆ టేపు అంటించడమే ఇరవై రెండేళ్లుగా రాగమ్మ పని. వెనక కాగితం ఒలుస్తూ, అద్దాన్ని తిప్పుతూ, అంచుకి అటూ ఇటూ వెంట్రుకవాసి తేడా రాకుండా మడిచి, చదునైన పుల్లతో రుద్దేది. అద్దం కోసుకుని కోసుకుని చూపుడువేళ్ల కొసలు మొద్దుబారిపోయాయి.

ప్రతి చుట్టలోనూ ఆఖర్న మూరెడో బారెడో మిగిలేది. పెద్ద ముక్కకి అది చాలదు, అతుకు పెడితే అందం చెడుతుంది. అందుకని చెత్తబుట్టలో పడేసేవారు. చేరిన కొత్తల్లోనే రాగమ్మ యజమానిని అడిగింది.

"సార్, ఈ కొసలు ఇంటికి తీసుకెళ్లొచ్చా?"

"చెత్తకి కూడా పర్మిషనేంటమ్మా! తీసుకుపో, మాకు ఊడ్చే పని తప్పుతుంది," అని నవ్వాడాయన.

ఇల్లంటే రెండు గదులు. భర్త లారీ మీద నెలకి ఇరవై రోజులు బయటే. ఇంట్లో ఉండేది ఆమే, భర్త అక్కగారూ. ఆ వదినగారు పెళ్లి చేసుకోలేదు. చెవులు సరిగా వినపడవు, నోరు మాత్రం దివ్యంగా పనిచేస్తుంది. జేబులో పెట్టుకునే ఆవిడ పాత చెవి మిషను ఒకసారి మూగబోయింది. బ్యాటరీ ఆనే చోట తుప్పు పట్టిందని రాగమ్మ కనిపెట్టి, తుప్పు గీకేసి, గోరంత రాగి రేకుని జిగురు లోపలికి పోయేలా మడిచి అక్కడ పెట్టింది. మిషను గురగురమని లేచింది.

"అబ్బ! నా గొంతు ఇంత గరుకుగా ఉంటుందటే?" అంది వదిన.

"ఇన్నాళ్లూ మేం భరించాం, ఇక నువ్వూ భరించు."

అక్కణ్ణుంచి మొదలైంది. టీవీ రిమోటులో అరిగిన రబ్బరు బొత్తాల వెనక బియ్యపుగింజంత ముక్కలు అంటిస్తే అవి మళ్లీ పలికాయి. పూలకుండీల అంచు చుట్టూ పట్టీలా వేస్తే నత్తలు చాలామటుకు పైకి ఎక్కడం మానేశాయి. ఇరుగుపొరుగు వాళ్ల టార్చీలు, గోడగడియారాలు ఆమె గుమ్మంలోకి చేరాయి. అన్నిటికంటే ముచ్చటైనవి దీపాల కార్డులు. అట్ట మీద రేకుతో కరెంటుకి రెండు దారులు వేసి, బొత్తాం బ్యాటరీ, చిన్న బల్బు పెట్టేది. కార్డు మూసి నొక్కితే లోపల వెలుతురు. ఎవరు జబ్బుపడ్డా, ఎవరి పుట్టినరోజైనా ఆ కార్డు వెళ్లాల్సిందే.

టంకం పోసే ముసలాయన రిటైరైన రోజున అలాంటి కార్డే ఇచ్చింది. అది యజమాని కోడలి కంటపడింది. అందరూ చిన్నమేడం అనే ఆవిడ అప్పుడప్పుడే వ్యాపారంలో అడుగుపెడుతోంది.

"రాగమ్మగారూ, ఇది మీరు చేశారా? ఇంకా ఏమేం చేస్తారు? అన్నీ వీడియో తీద్దాం!"

రాగమ్మ రెండు రాత్రులు నిద్రపోలేదు. బీరువాలోంచి మంచి బట్టలు తీసి ఇస్త్రీ చేసుకుని, తల నున్నగా దువ్వుకుని వెళ్లింది. బల్ల మీదికి కెమెరా వంచి రెండు రోజులు తీశారు. ఆమె ప్రతిదీ విడమరిచి చెప్పింది. ముఖ్యంగా కార్డు దగ్గర, "మూల వస్తే రేకు కత్తిరించొద్దు, మడవాలి. కత్తిరించి ఒకదానిమీద ఒకటి అంటిస్తే మధ్యలో జిగురు కరెంటుని పోనివ్వదు," అని రెండుసార్లు చెప్పింది.

నెల తర్వాత వదినా ఆమే కలిసి ఫోనులో వీడియో చూశారు. తెరమీద రెండు చేతులు, అంతే. మొహం లేదు. గొంతు చిన్నమేడానిది. "మిగిలిన రాగి టేపుతో నేను కనిపెట్టిన చిట్కాలు," అంటోంది.

"ఇవి నీ చేతులేనే! ఇదిగో అద్దం కోసుకున్న మచ్చ. మరి ఆ కూతలెవరివి?" అంది వదిన.

మర్నాడు రాగమ్మ ధైర్యం చేసి అడిగింది. చిన్నమేడం నొచ్చుకోలేదు, సిగ్గూ పడలేదు.

"మీ చేతులున్నాయి కదండీ! మొహం చూపిస్తే జనం దృష్టి పనిమీద నిలవదు."

వీడియో బాగా నడిచింది. ఇక కొసలు చెత్తబుట్టకి వెళ్లలేదు. కత్తిరించి, బల్బుతో సహా పొట్లాలు కట్టి అమ్మడం మొదలుపెట్టారు. గేటు దగ్గర సంచులు వెతకడం కూడా మొదలైంది. ఒక సాయంత్రం రాగమ్మ టిఫిను సంచి అడుగున, పెన్సిలుకి చుట్టిన మూరెడు రేకు దొరికింది. ఎప్పటిదో, తనకే గుర్తులేదు. యజమాని పిలిపించాడు.

"మీరే కదా సార్ తీసుకుపొమ్మన్నారు."

"అప్పుడది చెత్తమ్మా. ఇప్పుడు సరుకు. రూలు అందరికీ ఒకటే."

కాగితం ముందుకు తోశాడు. అనుమతి లేకుండా సంస్థ సరుకు తీసుకెళ్లినందుకు చింతిస్తున్నానని అందులో ఉంది. అప్పటికే భర్త నడుము పట్టేసి, లారీ మానేసి మంచం మీద ఉన్నాడు. రాగమ్మ సంతకం పెట్టింది. ఇంటికెళ్లాక చేతులు సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కుంది. వదిన గుమ్మంలో నిలబడి చూసింది, తువ్వాలు తెచ్చి అందించింది.

కొన్ని వారాలకి పొట్లాలు తిరిగి రాసాగాయి. కార్డులు వెలగడం లేదని కొన్నవాళ్లు తిట్లు రాస్తున్నారు. చిన్నమేడం ఒక కార్డు పట్టుకుని రాగమ్మ బల్ల దగ్గరికి వచ్చింది.

"ఎక్కడ తప్పు?"

రాగమ్మ చూడగానే పట్టేసింది. కొన్నవాళ్లు మూల దగ్గర రేకు కత్తిరించి అతికించారు. మడవాలన్న ముక్క వీడియోలో ఎగిరిపోయింది, సాగదీతగా ఉందని కోసేశారట. నాకేం తెలుసు అని ఊరుకోవచ్చు. ఊరుకోవాలనే అనుకుంది. కానీ ఆ అతుకు కళ్లముందు వంకరగా కనిపిస్తుంటే చేతులు ఆగలేదు. ఒలిచి, మడిచి, నొక్కి చూపించింది. కార్డు వెలిగింది.

"అయ్యో, ఇంతేనా!" అంది చిన్నమేడం. కొత్త వీడియోలో రేకు మడిచిన చేతులు చిన్నమేడానివే.

"చెప్పకపోతే నీ సొమ్మేం పోయిందే?" అని వదిన వారం రోజులు సాధించింది.

ఆమె ఇంకా ఆ బల్ల దగ్గరే అద్దాలకి టేపు చుడుతోంది. ఇంటికి మాత్రం అంగుళం తేదు. మొన్న కింది వాటాలోకి కొత్తగా వచ్చిన సంగీతం మాస్టారు కరెంటు గిటారు పట్టుకుని మెట్లెక్కాడు. తీగ మీటకపోయినా స్పీకరులో జుయ్యిమంటోందట. లోపలి గుంటకి రేకు పరిచి, ఎర్తు తీగకి కలిపితే ఆ రొద తగ్గుతుందని రాగమ్మకి తెలుసు.

"ఇలాంటివి మీరు చూస్తారని చెప్పారమ్మా."

"ఆ పని నాకు రాదు మాస్టారూ," అంది.

ఆయన నొచ్చుకుంటూ గిటారు మళ్లీ సంచిలో పెట్టుకుని దిగిపోయాడు.