తొమ్మిది మంది మొక్కు

నా భార్య పోయి రెండు నెలలైంది. ఆ రోజు బుధవారం. ఎప్పటిలాగే ఐదింటికి లేచి మిల్లు గ్రౌండుకు వెళ్ళింది. ఏడున్నరకు తిరిగొచ్చి, కాళ్ళు కడుక్కుని, వీపు పట్టేసిందని గోడకు ఆనుకుని కూర్చుంది. కాఫీ ఇస్తే సగం తాగి గ్లాసు పక్కన పెట్టింది. "కొంచెంసేపు పడుకుంటా బావా, ఎనిమిదిన్నరకు లేపు" అంది. ఎనిమిదింటికే నేను ఆటో పిలవాల్సి వచ్చింది. ఆసుపత్రిలో డాక్టరు చేయగలిగిందంతా చేశాడు. పదకొండు దాటాక బయటికొచ్చి నా భుజం మీద చేయి వేశాడు. కడంబత్తూరు నుంచి మా అమ్మాయి వచ్చేసరికి మిల్లు రెండో షిఫ్టు సైరన్ మోగుతోంది. సాయంత్రానికి అంతా అయిపోయింది. ఆమెకు నలభై ఏడేళ్ళు.

ఆ రోజు గురించి ఇంతకంటే చెప్పడానికి లేదు. ఆమె సంతోషంగా బతికిన మనిషి. ఆ సంతోషంలో పెద్ద భాగం ఒక వాలీబాల్ జట్టు. పదేళ్ళ కిందట ఆ జట్టు ఒక్క ఏడాదిలో ఎలా మారిందో చెబితే ఆమె గురించి చెప్పినట్టే.

ఆమె తిరువళ్ళూరులో ఆడపిల్లల హైస్కూలు డ్రిల్ టీచరు. నేను మణవాళనగర్ దగ్గర నూలు మిల్లులో గుమాస్తాను. బి.ఏ. చదివానని మిల్లు వాలీబాల్ జట్టు మేనేజరు పని కూడా నాకే అంటగట్టారు. జట్టులో తొమ్మిది మంది. ఆరుగురు కోర్టులో, ముగ్గురు బయట. వాళ్ళలో ఆరుగురిని మిల్లు ఆట చూసే పనిలోకి తీసుకుంది, కానీ పర్మనెంటు చేయలేదు. జట్టు ఉన్నంత కాలమే వాళ్ళ ఉద్యోగం.

ఏటా తమిళుల ఆడి నెలలో, కృత్తిక పండగకు తిరుత్తణి కొండ కింద పెద్ద టోర్నమెంటు జరుగుతుంది. గెలిపించమని మా వాళ్ళు సుబ్రహ్మణ్యస్వామికి మొక్కుకునేవాళ్ళు. మొదటి ఏడు ఇద్దరు కావడి భుజాన వేసుకుని తిరువళ్ళూరు నుంచి తిరుత్తణికి చెప్పుల్లేకుండా నడిచారు. ఓడిపోయాం. మొక్కు చాలలేదనుకున్నారు. రెండో ఏడు ఐదుగురు నడిచారు. ఓడిపోయాం. మూడో ఏడు తొమ్మిది మందీ ఒంటిపూట తిండితో, పసుపు బట్టలతో నలభై కిలోమీటర్లకు పైగా తారురోడ్డు మీద నడిచి, కొండెక్కి దిగి, ఆ మధ్యాహ్నమే కోర్టులో నిలబడ్డారు. ముప్పావుగంటలో ఇంటిదారి పట్టాం. వాళ్ళ కాన్వాసు బూట్లు గోనెసంచిలో మోసుకెళ్ళినవి మోసుకెళ్ళినట్టే తిరిగి తెచ్చాను. వాచిన పాదాలు వాటిలో పట్టలేదు. మీలో వాలీబాల్ ఆడినవాళ్ళు నవ్వుకుంటారు. వాళ్ళు నడవడానికి సెలవులు రాసిపెట్టింది, దారిలో మజ్జిగ ఏర్పాటు చేసింది నేనే. నాకూ తట్టలేదు.

మిల్లు మేనేజరు తమిళాయన. నన్ను గదిలోకి పిలిచి, కాగితాల్లోంచి తలెత్తకుండా "అడుత్త వరుషమూ తోత్తా, టీమే వేండాం" అన్నాడు. వచ్చే ఏడు కూడా ఓడితే జట్టే వద్దని. జట్టు పోతే ఆరుగురి పని పోయినట్టే.

ఆ ఆదివారం తొమ్మిది మందీ మా ఇంటికొచ్చారు. మా ఆవిడ వరండాలో ఆకులు వేసింది. ఒక్కడూ కాళ్ళు మడిచి కూర్చోలేకపోయాడు. అందరూ బారజాపుకుని కూర్చుంటే ఆమె వడ్డించడం మానేసి చూస్తూ నిలబడింది.

"ఏదీ, కాలు పైకెత్తు" అంది కెప్టెన్‌తో.

"వద్దులే అక్కా, అన్నం కాడ కాలెందుకు?"

"ఎత్తరా."

ఎత్తాడు. తర్వాత అందరిచేతా ఎత్తించింది. పద్దెనిమిది అరికాళ్ళు వరసగా.

"ఇవి అరికాళ్ళా, వేయించిన అప్పడాలా?" అంది.

నెట్టు దగ్గర బంతి లేపి ఇచ్చే అతను క్రైస్తవుడు. అందరికంటే అతని పాదాలే ఎక్కువ చెడ్డాయి. "నువ్వు ఆదివారం చర్చికి పొయ్యేవాడివి గదరా, నువ్వెందుకు నడిచినావు?" అని అడిగింది.

"తోడుకక్కా. ఎనిమిది మంది నడస్తా ఉంటే నేనొక్కణ్ణి రైల్లో పోతే ఏం బాగుంటాది?"

ఆమె కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. వాళ్ళు వెళ్ళాక నాతో అంది: "మీ వాళ్ళకు ఆట రాక కాదు బావా. ఎగరడానికి కాళ్ళు లేవు. ఈ ఏడు నేను చూసుకుంటా. మీ మేనేజర్ని అడుగు."

మేనేజరు "లేడీ కోచా?" అని నవ్వాడు. కాదనలేదు.

ఆమె నేర్పే పద్ధతి నాకు వింతగా ఉండేది. ఆట జరుగుతుంటే బంతిని చూసేది కాదు, పాదాల్ని చూసేది. "బంతి యాడికి పోతాదో కాళ్ళకు ముందే తెలస్తాది. చేతులు కూలికొచ్చినవి, చెప్పింది చేస్తాయి అంతే" అనేది. చీర కుచ్చిళ్ళు దోపుకుని, కాన్వాసు బూట్లేసుకుని, లైను పక్కన వంగి నడుస్తూ ఉండేది. చూసేవాళ్ళకు ఏదో పారేసుకుని వెతుక్కుంటున్నట్టు కనిపించేది. పొద్దున ఆట కాగానే ఉడకేసిన చెనక్కాయలు పంచేది. ఎవరైనా ఉపవాసమంటే ఆ రోజు కోర్టులోకి రానిచ్చేది కాదు. "కడుపు కాలితే కళ్ళకు బంతి రెండుగా కనపడతాది. నువ్వు లేని బంతిని కొడతావు."

శనివారాలు వాళ్ళను తన స్కూలుకు తీసుకెళ్ళేది. పదో తరగతి అమ్మాయిలు సర్వీసు చేస్తే వీళ్ళు అందుకోవాలి. ఆ పిల్లల సర్వీసు నెట్టు దాటగానే చచ్చినట్టు కిందికి పడేది. మొదటి శనివారం మా కెప్టెన్ పది బంతుల్లో రెండు అందుకున్నాడు.

"వంగన్నా, కిందికి వంగు!" అని ఒకమ్మాయి అరిచింది.

"వంగితే ప్యాంటు చినుగుతాదని భయమేమోలేబ్బా" అంది ఇంకొకతె.

"టీచర్, ఈ అన్నోళ్ళకు హోంవర్క్ ఇయ్యండి టీచర్!"

కెప్టెన్ చెవులు ఎర్రబడ్డాయి. మర్నాడు ఎవరూ చెప్పకుండానే తెల్లవారుతుండగా గ్రౌండులో ఉన్నాడు. సంక్రాంతి వెళ్ళేసరికి ఆ అమ్మాయిల బంతుల్లో వీళ్ళు వదిలేది పదికి ఒకటి. ఒక శనివారం ఒక్కటీ వదల్లేదు. అమ్మాయిలే చప్పట్లు కొట్టారు. ఆ రోజు ఇంటికొచ్చి మా ఆవిడ ఒక్కతే వంటింట్లో నవ్వుకోవడం విన్నాను. ఎందుకని అడిగితే "ఏంల్యా" అంది.

ఆ వేసవిలో అరక్కోణంలో గెలిచాం. పెరియపాళయంలో గెలిచాం. మేం కోర్టులోకి దిగితే అవతలి జట్టు వాళ్ళు "పావడ టీమొచ్చింది రోయ్" అని ఈలలు వేసేవాళ్ళు. మా వాళ్ళు కోపంగా కదిలితే ఆమె ఆపేది. పెరియపాళయంలో మాత్రం ఆట అయ్యాక అవతలి కెప్టెన్ దగ్గరకు తనే వెళ్ళింది. "పావడ టీము ఓడగొట్టిందని మీ ఊర్లో ఎట్ల చెప్పుకుంటారు నాయనా? వేరే ఏందన్నా చెప్పుకోండి, నేనేం అనుకోను." అతనూ నవ్వేశాడు. నేను గోనెసంచి భుజాన వేసుకుని వెనక నడిచాను. అంత తేలిగ్గా ఆ సంచిని ఎన్నడూ మోయలేదు.

ఆడి నెల వచ్చింది. ఒక ఉదయం తొమ్మిది మందీ గడ్డాలతో, చెప్పుల్లేకుండా గ్రౌండుకొచ్చారు. ఆమెకు చెప్పకుండా మళ్ళీ మొక్కుకున్నారు.

"ఈ ఏడు ఇంత బాగా గెలస్తా ఉండాము. ఇప్పుడు నడవకపోతే సామి ఏమనుకుంటాడక్కా?" అన్నాడు కెప్టెన్.

ఆమె భక్తి లేని మనిషి కాదు. రోజూ విభూతి పెట్టుకునే గడప దాటేది. మొక్కు తప్పమని చెప్పలేదు. నేను నోరు తెరిస్తే చేత్తో ఆపింది. మట్టిలో కూర్చుని వాళ్ళను అడిగింది.

"ఒకరి మొక్కు ఇంకొకరు తీర్చేది ఉండాదా లేదా? బిడ్డకు అమ్మవారు పోస్తే వేపాకు కట్టుకునేది తల్లి గదా?"

"నువ్వు తల్లివి కాదు గదక్కా."

"అక్కను. తొమ్మిది మంది తమ్ముళ్ళకు ఒక అక్క. చాలదా?"

"తొమ్మిది కావళ్ళు మోస్తావా?"

"ఒకటే. దానికి తొమ్మిది దారాలు కట్టండి. ఆయనకు లెక్క తెలస్తాదిలే."

క్రైస్తవుడు మెల్లగా అడిగాడు. "నాదీ కట్టొచ్చునా అక్కా?"

"కట్టరా. నీది తోడుకు."

ఇంటికొచ్చాక నీవల్ల అవుతుందా అని అడిగాను. "డ్రిల్ టీచర్ని బావా" అంది. "నువ్వు వాళ్ళతో రైల్లో రా. బాగా కనిపెట్టుకో. నేను మలుపు తిరిగినానంటే వెనకాలే నడిచొస్తారు, దొంగనాయాళ్ళు."

వీధిలోని ఆడవాళ్ళ గుంపుతో కలిసి ఆమె ముందురోజే బయల్దేరింది. రాత్రికి కనకమ్మసత్రంలో మజిలీ. మర్నాటి ఉదయం స్టేషన్లో తలలు లెక్కపెడితే ఏడే వచ్చాయి. ఇద్దరు తిరుత్తణి రోడ్డెక్కేశారు. పరిగెత్తి పట్టుకొచ్చి తిరుపతి పాసింజరు ఎక్కించాను. అరక్కోణంలో అందరిచేతా ఇడ్లీలు తినిపించాను. ఇద్దరు ఏడుస్తూ తిన్నారు.

మధ్యాహ్నం రెండింటికి ఆమె కోర్టు దగ్గరికొచ్చింది. కొండ కింద పూలు కొని కావడికి కట్టి, మెట్లన్నీ ఎక్కి, మొక్కు చెల్లించి దిగింది. పాదాలకు పాతచీర పేలికలు చుట్టుకుంది. పేలికల్లోంచి పసుపు కనబడుతోంది. ఒక పెట్టె మీద కూర్చుని, ఆడండి అన్నట్టు చేయి ఊపింది.

మొదటి గేమ్ ఘోరంగా ఓడిపోయాం. ఎదురుగా రైల్వే జట్టు. మా వాళ్ళు బంతి వదిలేసి ఆమె పాదాలకేసి చూస్తున్నారు. సర్వీసు చేయబోయేవాడు కూడా తిరిగి చూస్తున్నాడు. ఇంకో గేమ్ పోతే జట్టు ఉండదని ఆరుగురికీ తెలుసు. ఆమెకూ తెలుసు. నా భుజం పట్టుకుని లేచి వాళ్ళను పిలిచింది.

"నా కాళ్ళు చూడొద్దురా. బంతిని చూడండి. నేను నడిచింది మీరు ఎగరాలని."

ఎగిరారు. ఆ తర్వాతి గంటను నేను సరిగ్గా వర్ణించలేను. మా కెప్టెన్ నెట్టుపైన మోచేతిదాకా కనిపించాడు. అంతకుముందు మూడేళ్ళు తిరుత్తణిలో అతని వేళ్ళు కూడా నెట్టు దాటడం నేను చూడలేదు. క్రైస్తవుడు బంతిని ఎంత మెత్తగా లేపాడంటే, అది కొట్టేవాడి కోసం గాల్లో ఆగినట్టుంది. రెండో గేమ్ మాది. మూడోది పదమూడు దగ్గర ఇద్దరూ సమం. రైల్వే వాళ్ళ స్మాష్ సరిగ్గా ఆ అమ్మాయిల సర్వీసులాగే నెట్టు దాటి కిందికి పడింది. కెప్టెన్ వంగాడు. అందుకున్నాడు. జనంలో ఎవరో "వంగన్నా" అని అరిచారు. చూస్తే ఆమే.

ఆ మ్యాచ్ గెలిచాం. మర్నాడు కప్పు గెలిచాం. కప్పు ఆమె ఒళ్ళో పెట్టి తొమ్మిది మందీ బూట్లు విప్పేసి కొండ మెట్లవైపు పరుగు తీశారు.

"యాడికిరా? మొక్కు తీరిపోయింది గదా!" అని అరిచింది.

"ఊరికే అక్కా!"

క్రైస్తవుడు అందరికంటే ముందున్నాడు.

ఆ ఆరుగురి పర్మనెంటు ఆర్డర్లు నేనే టైపు చేశాను. నా సర్వీసులో ఒక్క అక్షరం కూడా కొట్టివేయకుండా టైపు చేసిన కాగితాలు అవే.

ఆ ఒక్క ఏటికే నడుస్తానంది. మరుసటి ఆడికి వాళ్ళు మళ్ళీ తొమ్మిది దారాలు తెచ్చారు. అప్పటినుంచి ఏటా నడిచింది. కప్పు ఏటా రాలేదు. కానీ మా జట్టులో ఎవరూ మళ్ళీ కాళ్ళు కాల్చుకుని కోర్టులోకి దిగలేదు. ఏటా కోర్టు పక్కన మా మాటలు ఒకటే.

"ఎంత మందిని తెచ్చినావు?"

"తొమ్మిది."

"తిన్నారా?"

"తిన్నారు."

నేను ఒక్క ఏడూ ఆమెతో నడవలేదు. జట్టును రైల్లో ఎవరో ఒకరు తేవాలి కదా. ఆమె చెప్పిన పనే అది. అయినా.

మొన్న సాయంత్రం జట్టు మా వరండాలోకి వచ్చింది. అప్పటి కెప్టెన్ ఇప్పుడు సూపర్వైజరు; ఈ రెండు నెలలూ ఆట అతనే చూసుకుంటున్నాడు. తొమ్మిది మందిలో ముగ్గురు ఇంకా పర్మనెంటు కానివాళ్ళు. మిల్లు మేనేజరు మారాడు, ఓడితే జట్టే వద్దనే మాట మారలేదు.

"అన్నా, ఈసారి అక్క పేరు మీద మేమంతా నడస్తాము" అన్నాడు పాత కెప్టెన్.

"నడిస్తే ఆడేదెవరు?"

పర్మనెంటు కాని ముగ్గురిలో ఒకడు అన్నాడు. "ఎవురో ఒకరు నడస్తా ఉండారంటే మనసు నిలస్తాదన్నా. లేకపోతే ఆడేటప్పుడంతా అదే గుర్తుకొస్తాది."

అతను చెప్పింది నిజం. నాకు తెలుసు.

"నేను నడుస్తా" అన్నాను.

"మీకు ఏడాది తిరగలేదు గదన్నా. కొండెక్కకూడదు."

"కొండెక్కను. గ్రౌండు దాకానే."

"కావడో?"

"కావడి లేదు. మొక్కు కూడా లేదు. ఊరికే నడుస్తా. మీరు తిని రైలెక్కండి."

కెప్టెన్ నా మోకాళ్ళవైపు చూశాడు. "అంత దూరం మీవల్ల అవుతాదా అన్నా?"

"డ్రిల్ టీచరు మొగుణ్ణిరా" అన్నాను. రెండు నెలల తర్వాత ఆ వరండాలో నవ్వులు వినబడ్డాయి. వాటిలో నాదీ ఒకటి.

ఎల్లుండి జట్టు తిరుపతి పాసింజరులో వస్తుంది. తలలు లెక్కపెట్టే పని కెప్టెన్‌కు అప్పగించాను. నేను రేపు ఉదయం నాలుగింటికి బయల్దేరతాను.