తల ఊపితే భయపడే మేడమ్

మా మేడమ్ పోయారని మొన్న సోమవారం పొద్దున తెలిసింది. జనగామలో నేను పాఠాలు చెప్పే నర్సింగ్ కాలేజీలో, బొమ్మ చేతికి సూది ఎలా వేయాలో పిల్లలకు చూపిస్తున్నాను. ఫోన్ చేసింది నా జూనియర్. మేమిద్దరం ఒకే నర్సింగ్ స్కూల్లో ఆ మేడమ్ దగ్గరే చదువుకున్నాం. ఇప్పుడు తను ఒక ప్రైవేటు దవాఖానలో నర్సు. "అక్కా, మేడమ్ పోయినరు" అని చెప్పి, ఎట్లా అని నేను అడిగేలోపే ఫోన్ పెట్టేసింది. గొంతులో ఏడుపు లేదు. అలా పెట్టేయడం నాకు నచ్చలేదు.

మహబూబాబాద్‌ను మేం మానుకోట అనే అంటాం. అక్కడ నర్సింగ్ చదివిన రోజుల్లో మేడమ్ మాకు ఊళ్లలో ఆరోగ్యం గురించి చెప్పేవారు. మొగుళ్లపల్లిలో భూములున్న ఇంటి ఆడబిడ్డ. పెళ్లి చేసుకోలేదు. గంజి పెట్టిన నూలు చీర, చేతికి మగవాళ్ల గడియారం, టిఫిన్ డబ్బాలో ఎప్పుడూ పచ్చిపులుసు అన్నం. కోపం వస్తే గొంతు పెంచేవారు కాదు, తగ్గించేవారు. అప్పుడు మేం చూపు పుస్తకంలోంచి ఎత్తేవాళ్లం కాదు.

మొదటి రోజు క్లాసులోనే ఆవిడ ఒక మాటను నిషేధించారు. "అర్థమైందా" అని రోగిని ఎవరూ అడగకూడదు. "అడిగితే అయింది అంటరు. ఇంకేమంటరు? కాలేదంటే నువ్వు గరం అయితవని వాళ్ల భయం. తల ఊపితే బయట పడొచ్చు గదా. అందరు తలలు ఊపుతున్నరంటే నాకు భయమైతది" అన్నారు. మేం శ్రద్ధగా విని తలలు ఊపాం. ఆవిడ మా తలల వంకే చూశారు. మాకు విషయం తట్టలేదు.

ఊళ్లకు పోయినప్పుడల్లా జీపులో నీలం రంగు ప్లాస్టిక్ స్టూలు ఒకటి వచ్చేది. మేం రోగికి చెప్పాల్సింది చెప్పాక, రోగి స్టూలు మీద కూర్చోవాలి, మేం కింద కూర్చోవాలి. ఇప్పుడు రోగే నర్సు. విన్నది మాకు తన మాటల్లో చెప్పాలి, చేసి చూపించాలి. ముసలమ్మలు సిగ్గుపడి పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకునేవారు. మాకూ నామోషీగా ఉండేది, తెల్ల బట్టలకు మట్టి అంటేది. ఊరు దాటాక స్టూలును తిట్టుకుంటూ నవ్వుకునేవాళ్లం.

మేం ఎలా నేర్చుకుంటామో కూడా ఆవిడ అలాగే పట్టిపట్టి చూసేవారు. "ఎందుకొచ్చినవ్ ఈ చదువుకు?" అని ఒక్కొక్కరినీ అడిగేవారు. సేవ చేయడానికి అని చెప్పాను నేను. "గది ఇంటర్వ్యూల చెప్పే మాట. నిజం చెప్పు" అన్నారు. నౌకరి తొందరగా వస్తుందని మా మేనమామ చేర్పించాడని చెప్పాను. "మంచి కారణమే. సేవ అన్నోళ్లే జల్ది అలసిపోతరు, నేను చూసిన" అన్నారు. మెచ్చుకుంటే ఎవరు చదువుతారు, మార్కులకు ఎవరు చదువుతారు, తిడితే ఎవరు ముడుచుకుపోతారు, అన్నీ ఆవిడకు ఎరుకే. చివరికి పిల్లను నిలబెట్టేది ఒకటేనని ఆవిడ నమ్మకం: తను చెప్పింది రోగి నోట సరిగ్గా తిరిగి రావడం. అది ఒక్కసారి విన్న పిల్ల ఇక పుస్తకం కింద పెట్టదనేవారు.

నేను చెప్పింది మాత్రం మొదటిసారి సరిగ్గా తిరిగి రాలేదు. కొత్తగూడ అడవిలో ఒక తండా. నెలలు నిండుతున్న అమ్మాయికి నేనే అన్నీ చెప్పాను. తలనొప్పి వచ్చినా, కళ్లు మసకబారినా, ముఖం ఉబ్బినా ఆగకుండా దవాఖానకు రావాలని. ఇంట్లో వాళ్లు మాట్లాడుకునే భాష వేరు, నాది పుస్తకాల తెలుగు. అమ్మాయి తల ఊపింది. అత్త ఊపింది. గడపలో నిలబడ్డ పక్కింటామె కూడా ఊపింది. బాగా చెప్పానని మేడమ్ వైపు చూశాను. ఆవిడ ముఖంలో రక్తం లేదు.

"స్టూలు తే" అన్నారు, గొంతు తగ్గించి.

అమ్మాయి కూర్చోనంది. మేడమ్ నా పక్కన నేల మీద చతికిలబడి, నన్ను చూపించి, "కూసో బిడ్డా. ఇప్పుడు నువ్వే సిస్టర్. గీ పిల్ల కడుపుతోటి ఉన్నదనుకో. తలకాయ నొస్తుందని నీ దగ్గరికొచ్చింది. ఏం చెప్తవ్?" అన్నారు.

అమ్మాయి అత్త వైపు చూసి, స్టూలు అంచున కూర్చుంది. "బామ్ పెట్టుకోవాలె. పండుకోవాలె."

"ఎన్ని రోజులు?"

"తగ్గేదాంక. నేను గట్లనే పండుకుంటున్న."

అప్పుడు చూశాం ఆమె కాళ్లు. కడియాలు కండలోకి దిగిపోయి ఉన్నాయి. బీపీ చూసిన నా చేయి మళ్లీ మళ్లీ పంపు నొక్కింది, అంత పెద్ద అంకె తప్పేమోనని. తప్పు కాదు. మా జీపులోనే పడుకోబెట్టి తీసుకుపోయాం. ఆమె బతికింది, బిడ్డా బతికాడు. నేను సంతోషం ఆపుకోలేక తిరిగొచ్చే దారంతా వాగుతూనే ఉన్నాను. మేడమ్ మాత్రం కిటికీలోంచి, అడవి మధ్య అక్కడక్కడా కనిపించే ఇళ్ల కప్పులను చూస్తూ కూర్చున్నారు. తర్వాత ఉన్నట్టుండి చెప్పారు. "నౌకరిల చేరిన కొత్తల, కొడకండ్ల దగ్గర ఒక తల్లి. పిలగానికి విరేచనాలు. ఓఆర్ఎస్ ప్యాకెట్ ఇచ్చి నీళ్లల్ల ఎట్ల కలపాలెనో మంచిగ చెప్పిన. తల ఊపింది. తెల్లారి పొయ్యేసరికి ఇంటి ముందర జనం ఉన్నరు. ప్యాకెట్ గూట్ల ఉన్నది, చింపనే లేదు." మళ్లీ ఎన్నడూ ఆ సంగతి ఎత్తలేదు. మేమూ అడగలేదు. స్టూలును తిట్టుకోవడం మాత్రం మానేశాం.

ఇంకొక మాట ఆవిడ మా అందరికీ నోటికి వచ్చేలా నేర్పారు. గర్భిణులకు ఐరన్ గోలీలు ఇచ్చేటప్పుడు తప్పకుండా చెప్పాల్సిన మాట. "దొడ్డికి నల్లగ పోతది. గోలీలతోటే అట్ల అయితది. భయపడొద్దు, బంద్ చెయ్యొద్దు." ఎందుకంటే నలుపు చూసి భయపడి గోలీలు పారబోసేవాళ్లు చాలామంది. ఈ మాట నేను ఇప్పటికి ఎందరికి చెప్పి ఉంటానో.

మొగుళ్లపల్లి వెళ్లేసరికి మేడమ్‌ను వాకిట్లో పడుకోబెట్టారు. ఆవిడ చెల్లెలు నా చేయి పట్టుకుని జరిగింది చెప్పింది. నెల కిందట కాలు వాచిందట, నరంలో రక్తం గడ్డ కట్టిందన్నారట. దవాఖానలో ఉంచి, రక్తం పలచబడే గోలీలు రాసి, రక్తం తక్కువుందని ఐరన్ గోలీలు కూడా ఇచ్చి ఇంటికి పంపారు. మోకాళ్ల నొప్పులకు ఎప్పటినుంచో వేసుకుంటున్న గోలీ ఉండనే ఉంది, అదీ మానలేదు.

"మూడు రోజుల సంది నల్లగ పోతుందని నాకు చెప్పిందమ్మా" అంది చెల్లెలు. "దవాఖానకు పోదామక్కా అన్న. ఐరన్ గోలీలతోటే, ఏం కాదు, భయపడకు అన్నది. అంత చదువుకున్న మనిషి చెప్తే నేనేమంట? సరే అన్న. ఆదివారం స్నానానికని లేచి పడిపోయింది. ముఖం తెల్లగ పాలిపోయింది."

అది ఐరన్ గోలీల నలుపు కాదు, కడుపులో కారుతున్న రక్తం. నొప్పి గోలీ, రక్తం పలచబడే గోలీ కలిసి చేసిన పని. అందరికీ ధైర్యం చెప్పిన మాటే ఆవిడకూ ధైర్యం చెప్పింది. ఆవిడ ఊళ్లలో పనిచేసిన రోజుల్లో రక్తం పలచబడే గోలీలు ఎవరి దగ్గరా కనిపించేవి కావు. అవి వేసుకునేవాళ్లకు నలుపు కనిపిస్తే వెంటనే రావాలని, నొప్పి గోలీ ముట్టకూడదని ఎవరైనా చెప్పి ఉండాల్సింది.

నా జూనియర్ అరుగు పక్కన గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఇంటికి పంపిన రోజు మేడమ్ మంచం దగ్గర డ్యూటీ తనదేనని అప్పుడు చెప్పింది.

"డిశ్చార్జ్ కాయితం చేతిల పట్టుకొని పోయినక్కా, అన్ని చెప్దామని. మేడమ్‌ను చూసి నోరు రాలే. 'మీకు తెల్వనిదేముంది మేడమ్' అన్న. కాళ్లు మొక్కిన."

"మేడమ్ ఏమన్నరు?"

"నవ్వినరు. నవ్వి, తల ఊపినరు."

నేనైతే కాగితం చదివి వినిపించేదాన్నా? ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టి, నేను కింద కూర్చుని, ఇప్పుడు మీరు చెప్పండి మేడమ్ అనేదాన్నా? ఆవిడకైనా అడగబుద్ధి కాలేదేమో, తన పిల్ల ముందు తెలియదని ఒప్పుకోలేకపోయారేమో. లేక కొడకండ్ల తల్లి లాగే, తల ఊపి తొందరగా బయటపడదామనుకున్నారేమో. ఆవిడ మీద నాకు కోపం వచ్చింది. నాకు అంత ప్రేమ ఉన్న మనిషి మీద అలాంటి రోజున కోపం రావడం ఎలా ఉంటుందో చెప్పలేను.

నిన్న జనగామ క్లాసులో పిల్లలకు ఇదంతా చెప్పాను. మేడమ్ గురించి, స్టూలు గురించి, రెండు గోలీల గురించి, నలుపు గురించి. కొందరు కళ్లు తుడుచుకున్నారు. "అర్థమైందా" అన్న మాట నాలుక చివరికి వచ్చింది, మింగేశాను. నేనేమీ అడగలేదు. అయినా ముందు వరుస నుంచి వెనక వరుస దాకా తలలన్నీ ఊగాయి.

క్లాసు మూలన ఉన్న ఒక స్టూలు తెచ్చి వాళ్ల ముందు వేశాను. నేను నేల మీద కూర్చున్నాను. "రండి, నేను రోగిని. నాకు చెప్పండి" అన్నాను. పైన ఫ్యాను తిరుగుతోంది. తలలు ఊగడం ఆగిపోయింది. అందరూ స్టూలునే చూస్తున్నారు, ఎవరూ లేవడం లేదు.